తలాడించే డాక్టరు

డెబ్బై అయిదు నిండిన నెలలోనే ఉగాకి డాక్టరుకి లైసెన్సు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట కారు నడపాలంటే ముందు జ్ఞాపకశక్తి పరీక్షకు హాజరు కావాలని దాని సారాంశం. ఆయన దాన్ని నర్సు మినోబెకి చూపించి పకపకా నవ్వాడు.

నవ్వక ఏం చేస్తాడు? తొనోమి దీవిలో ఆసుపత్రి అంటే ఆయన క్లినిక్కే. ఉన్న పద్నాలుగు వందల మందిలో సగం పైగా డెబ్బై దాటినవాళ్ళు. ఆ పరీక్షలో తప్పినవాళ్ళను మళ్ళీ పరీక్షించి, "ఇతనికి మతి సరిగా ఉంది" అనో "లేదు" అనో రాసిచ్చేది ఆయనే. పరీక్షలో చూపించే బొమ్మలు ఆయనకు కంఠతా వచ్చు. ఫిరంగి, ఆర్గన్ వాద్యం, చెవి, రేడియో. క్లినిక్కుకి వచ్చే ముసలివాళ్ళకు ఒక పుస్తకం దగ్గర పెట్టుకుని ఆయనే వల్లె వేయించాడు మరి.

పరీక్ష రోజున మొదటి బొమ్మ ఫిరంగి కనబడగానే ఆయన హాయిగా చేతులు కట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పక్కన ఒక ముసలావిడ పెదవులు కదుపుతూ తంటాలు పడుతుంటే జాలిపడ్డాడు కూడా. రాయమన్నప్పుడు పదహారు బొమ్మల పేర్లూ గడగడా రాసేశాడు. తేదీ రాయమంటే తన పుట్టినరోజు రాశాడు.

పది రోజులకు ఫలితం వచ్చింది. ఫిరంగి ఒక్కటే నిజం, తక్కిన పదిహేను బొమ్మలూ అసలు చూపించలేదట. ఆ ఏడాది బొమ్మలు మార్చారని, అడిగింది పుట్టిన తేదీ కాదు, ఆ రోజు తేదీ అని కింద రాసి ఉంది. మతిమరుపు జబ్బు ఉండవచ్చు కాబట్టి దగ్గరలోని డాక్టరుకు చూపించుకోమన్నారు.

దగ్గరలోని డాక్టరు ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు.

"మీకు మీరే రాసిచ్చుకుంటే పోలా?" అంది మినోబె, నవ్వు ఆపుకుంటూ. ముప్ఫై ఏళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్న మనిషి, ఆమెకు భయమేమీ లేదు.

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. బండి నడపడానికి పరీక్ష ఉంది, ప్రాణాలు నడపడానికి లేదు. ఒకవేళ నిజంగానే మతి పోతూ ఉంటే, ఎవరికి ఏ మందు రాస్తున్నట్టు? లేచి ఆ వారం రాసిన చీటీలన్నీ తిరగేశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. కానీ మతి పోయినవాడికి అన్నీ సరిగానే కనిపిస్తాయని కూడా ఆయనకు తెలుసు. ఎందరికి చెప్పలేదు ఆ ముక్క!

సోమవారం పడవెక్కి పట్నం ఆసుపత్రికి వెళ్ళాడు. నాలుగు గంటలు కూర్చోబెట్టాక పిలిచారు. హయామి అనే డాక్టరమ్మ, ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో, ముఖానికి మాస్కు కట్టుకుని కంప్యూటర్ వైపే చూస్తూ టకటకా కొడుతూ ఏదో అంది. ఆయన చిరునవ్వుతో తలాడించాడు. ఆమె మళ్ళీ ఏదో అంది. మళ్ళీ తలాడించాడు.

ఆమె చేతులు ఆగిపోయాయి. కుర్చీ ఇటు తిప్పింది.

"మీ ఇంట్లో పదహారు ఏనుగులు ఉన్నాయా అని అడిగానండీ," అంది మాస్కు కిందికి లాగి. "మీరు అవునన్నారు."

ఉగాకి ముఖం కందగడ్డలా అయింది.

తర్వాత ఆమె ప్రశ్నలన్నీ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిచ్చింది. ముప్ఫైకి ముప్ఫై వచ్చాయి. చెవుల పరీక్ష చేయిస్తే కుడి చెవి దాదాపు పోయింది, ఎడమది పోయే దారిలో ఉందని తేలింది.

"మీ బుర్ర నిక్షేపంలా ఉంది డాక్టరుగారూ. వినబడకపోవడం ఎప్పటి నుంచీ?"

"నాకు బాగానే వినబడుతుందమ్మా. ఈ మధ్య జనమే నసుగుతున్నారు."

"దీవి మొత్తమా?"

కనీసం రెండేళ్ళయి ఉంటుందని ఆమె కాగితం మీద రాసి చూపించింది.

తిరిగి వచ్చి మినోబెని నిలదీశాడు. "రెండేళ్ళ నుంచి నాకు వినబడటం లేదట! నీకు తెలుసా?"

"దీవిలో పిల్లులకి కూడా తెలుసు," అందామె. "అందుకే కదా వచ్చినవాళ్ళు బాధంతా బయట నాతో చెప్పుకునేది. నేను పెద్ద అక్షరాలతో రాసి ఫైలుకి అంటిస్తాను. లోపల మీరు తలాడిస్తారు, వాళ్ళు బయటికొచ్చి మందు పుచ్చుకుంటారు."

ఆ చీటీలు మినోబె పనితనం అనుకుని ఎప్పటికప్పుడు ఆమెను మెచ్చుకుంటూ వచ్చాడాయన. ఒక్క చూపులోనే రోగం పట్టేస్తున్నానని లోలోపల మురిసిపోయాడు కూడా.

"మరి నాకు చెప్పొద్దూ?"

"నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ తలాడించారు."

నవ్వబోయి ఆయన ఆగిపోయాడు. కుబోకి గుర్తొచ్చాడు. కొండమీద కమలా తోటలున్న కుబోకి, ఎనభై ఒక్కేళ్ళ మనిషి, గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. కిందటేడు మతిమరుపు జబ్బని రాసి అతని లైసెన్సు పోగొట్టింది తనే. ఫైలు తీశాడు. ఆ రోజు మినోబె సెలవు. చీటీ లేదు. ప్రశ్నల పక్కన వరసగా తన దస్తూరీ: జవాబు లేదు, జవాబు లేదు, జవాబు లేదు. మొత్తం ఏడు చోట్ల.

మర్నాడే చెవుల్లో యంత్రాలు పెట్టించుకుని కొండెక్కాడు. కుబోకి వాకిట్లో బుట్ట అల్లుతున్నాడు. వంటింట్లో పొయ్యి మీద "ఆర్పావా?" అని, గూళ్ళ మీద "ఉప్పు", "పంచదార" అని కాగితాలు అంటించి ఉన్నాయి.

ఉగాకి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కుబోకి బుట్ట పక్కన పెట్టాడు.

"వంద నుంచి ఏడేసి తీసెయ్యమన్నారు," అన్నాడు మెల్లగా. "అరవై అయిదు దగ్గర చాలంటారని మా ఆవిడ చెప్పింది. మీరు ఆపలేదు. రెండు మిగిలే దాకా వెళ్ళాను డాక్టరుగారూ. ఒక్క తప్పు లేకుండా."

ఉగాకికి ప్రతి అక్షరం వినబడింది. కొత్త యంత్రం బాగా పనిచేస్తోంది.

"ఎవరి పేరన్నా ఒక్క క్షణం తట్టకపోతే, అయిపోయింది, ఇక మొదలైంది అనుకునేవాణ్ణి. ట్రక్కు అమ్మేశాను. పై తోట అన్న కొడుక్కి ఇచ్చేశాను. వాడు కొమ్మలు నరికింది చూశారా? ఆ చెట్లు ఇక మూడేళ్ళు కాయవు."

ఉగాకి నేలకు నుదురు ఆనించి క్షమాపణ అడిగాడు. కుబోకి బుట్ట మళ్ళీ అందుకుని రెండు వరసలు అల్లాడు. పైనుంచి పిచ్చుకల గోల వినబడింది. రెండేళ్ళుగా దీవిలో పిచ్చుకలు లేవనుకున్నాడు ఉగాకి.

"లేవండి," అన్నాడు కుబోకి చివరికి. "ఆ మోకాళ్ళు పట్టేస్తే చూడటానికి ఇంకో డాక్టరు లేడు. కోపం మాత్రం పోలేదు, చెబుతున్నాను."

"పోవద్దు," అన్నాడు ఉగాకి.

ఆ వారమే అతన్ని వెంటబెట్టుకుని హయామి దగ్గరికి వెళ్ళాడు. కుబోకి ఈసారి కూడా రెండు దాకా వెళ్ళబోతే ఆమే బతిమాలి ఆపింది. మతి చక్కగా ఉందని రాసిచ్చింది. ఆ రెండేళ్ళలో తను మతి గురించి రాసిచ్చిన తక్కిన పదకొండు మందినీ ఉగాకి మళ్ళీ పిలిచాడు. మినోబె పక్కన కూర్చోగా ఒక్కొక్కరినీ పరీక్షించాడు. తొమ్మిది మంది విషయంలో తను రాసింది నిజమే. ఇద్దరిని పట్నం పంపాల్సి వచ్చింది. జరిగిందంతా లైసెన్సు ఆఫీసుకు ఉత్తరం రాసి, ఇక మీదట ఈ పని తనకు వద్దన్నాడు. వాళ్ళు జవాబుగా నింపి పంపమని ఒక ఫారం పంపారు.

కుబోకి వసంతంలో మళ్ళీ లైసెన్సు తెచ్చుకున్నాడు. ట్రక్కు కొనుక్కోవడం మాత్రం మానేశాడు. అన్న కొడుకును తోటలోంచి వెళ్ళగొట్టడానికే తీరిక సరిపోవడం లేదన్నాడు.

క్లినిక్కులో ఉగాకికి కష్టాలు మొదలయ్యాయి. బయట బెంచీ మీద మాటలన్నీ లోపలికి వినబడుతున్నాయి. "జాగ్రత్త, ఇప్పుడు వింటున్నాడు," అంది ఒకావిడ. "పాత డాక్టరే నయం, త్వరగా పంపించేవాడు," అన్నాడొకాయన. నిజమే. ఇప్పుడు ఒక్కొక్కరి కథ పావుగంట పడుతోంది. అందులో రోగం ముక్క చివర్లో వస్తుంది. కోడలి కథ, కారే ఇంటికప్పు కథ ముందు వస్తాయి. ఈ రెండేళ్ళూ ఏమేం తప్పించుకున్నాడో అప్పుడు తెలిసిందాయనకు.

ఒక బుధవారం కుబోకి రక్తపోటు చూపించుకోవడానికి వచ్చాడు. ఎదురుగా కూర్చుని నోరు తెరిచాడు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఉగాకి కుడి చెవి యంత్రం సరిచేశాడు. ఏమీ వినబడలేదు. ఎడమది తీసి ఊదాడు, తట్టాడు, పెట్టుకున్నాడు. కుబోకి చేతులు తిప్పుతూ, బాధగా ముఖం పెట్టి, ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఉగాకికి చెమటలు పట్టాయి.

"మినోబే! బ్యాటరీలు! రెండూ ఒకేసారి పోయాయి!"

బయట బెంచీ మీద నవ్వులు పేలాయి. ఆ నవ్వులు తనకు స్పష్టంగా వినబడుతున్నాయని ఆయనకు తట్టడానికి కాస్త సమయం పట్టింది. కుబోకి నోరు మూసుకుని, ఏమీ ఎరగనట్టు చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, రక్తపోటు చూడమని చెయ్యి చాపాడు.