ఎడమ పక్క

"సోడాబుడ్డి బావ పాసైపోయాడోయ్!"

గుమ్మంలోంచే కేకేశాడు అన్నయ్య. చేతిలో మిఠాయి పొట్లం, ఒళ్ళంతా గోదాము దుమ్ము. క్రేన్ డ్రైవరు పోస్టుకి పెట్టిన కంటి పరీక్షలో చెల్లెలి మొగుడు బోర్డు మీది ఆఖరి వరుస దాకా తడుముకోకుండా చదివేశాడట.

"రేపటినుంచి పైన కేబిన్లో నువ్వు, కింద కొక్కెం దగ్గర నేను. దూలాలు నా నెత్తిన పడేశావనుకో, మా చెల్లి నిన్ను బతకనివ్వదు!" అన్నాడు వెనకే వచ్చిన బావతో.

ఆమెకు ఒక్కచోట కాలు నిలవలేదు. పెళ్ళినాటికి అద్దాలు తీస్తే గోడకి దండం పెట్టే మనిషి! కళ్ళలోపల లెన్సులు పెట్టించుకున్న మర్నాడు ఆమె మెడ మీది పుట్టుమచ్చని వింతగా చూస్తూ, "ఇదెప్పుడొచ్చిందే?" అన్నాడు. "నాతోపాటే వచ్చిందండీ," అంది. అప్పటినుంచీ వాళ్ళకదో ఆట. ఆమె వీధి చివర నిలబడి వేళ్ళు చూపిస్తే, అతను గుమ్మంలోంచి అవెన్నో లెక్క చెప్పాలి.

టీ తెచ్చి అతని ఎడమ పక్కన పెట్టింది. మోచెయ్యి తగిలి గ్లాసు భళ్ళున పగిలింది.

"అప్పుడే ఆఫీసరు దర్జా వచ్చేసిందే!" అన్నయ్య పడీపడీ నవ్వాడు.

ఆమె నవ్వలేదు. పొద్దున అతని ఎడమ భుజం తలుపుకి కొట్టుకుంది. నిన్న కూడా.

అన్నయ్య వెళ్ళగానే అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి కుడికన్ను అరచేత్తో మూసింది.

"నా ముక్కునే చూడండి. పక్కకి చూడకూడదు. వేళ్ళెన్ని?"

"చూపించు మరి."

ఆమె చెయ్యి అప్పటికే అతని ఎడమ పక్కన లేచి ఉంది.

లేపిన చెయ్యి దించింది. "ఎప్పటినుంచండీ?"

"మొన్న కాసిని మెరుపులు. తర్వాత ఓరగా నల్లటి తెరలాంటిది. లెన్సు సర్దుకుంటోందిలే అనుకున్నా. కళ్ళు కొత్తవైపోయాయిగా!"

లెన్సులు పెట్టిన రోజే డాక్టరు చెప్పనే చెప్పాడు. లెన్సు అద్దాలకి బదులు, అంతే. కంటి వెనక పొర మాత్రం పాతదే, పల్చటిదే. మెరుపులు కనిపిస్తే ఆ రోజే పరుగెత్తుకు రండి. ఇద్దరూ బుద్ధిగా తలూపి వచ్చారు.

"రేపు చేరనీ," అన్నాడతను గొంతు తగ్గించి. "చేరాక చూపించుకుంటా. ఇప్పుడు చెప్తే పోస్టు ఇంకొకడికి పోతుంది. ఎదురుగా అంతా బాగానే కనబడుతోందే."

"బోర్డు ఎదురుగా ఉంటుంది. కొక్కెం దగ్గర అన్నయ్య నిలబడేదెటు?"

అతను వంగి నేలమీది గాజుపెంకులు ఏరబోయాడు.

"చెప్పండి."

"ఎడమ పక్కే."

ఆమె ఆస్పత్రికి ఫోన్ చేసింది. నర్సు అడగాల్సినవన్నీ అడిగి, లోపల డాక్టరుతో మాట్లాడి వచ్చింది. పొర ఊడుతున్నట్టుందమ్మా, పొద్దున్నే పరగడుపున తీసుకురండి, మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దు అంది. చూపు దక్కుతుందా అంటే, తెర మధ్యకి రాకపోతే ఆశ ఉంది, మాటైతే ఇవ్వలేం అంది.

మిఠాయి పొట్లం ముడి విప్పకుండానే ఉంది. దాన్ని తీసి అలమర్లో పెట్టి, మళ్ళీ ఫోన్ అందుకుంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకోలేదు, ఆగనూ లేదు.

"అన్నయ్యా, రేపు నువ్వు పనికి వెళ్ళకు. తెల్లారేసరికి బండి తీసుకొచ్చెయ్. బావని ఆపరేషన్‌కి తీసుకెళ్దాం."