ఆకుల తొట్టికి వేసిన రెండో ముడి

మునిసిపాలిటీ వాళ్ళు నా తలుపుకి నారింజరంగు కాగితం అతికించి పోయిన రోజు నేను చేసిన మొదటి పని వాళ్ళని నోరారా తిట్టడం. పెరట్లో మోకాలెత్తు గడ్డి, విరిగిపడ్డ కొమ్మలు, మూడేళ్ళ ఆకులు, కంచె దగ్గర అనుమతి లేని గుడిసె, ఇవన్నీ శుక్రవారంలోగా తీసెయ్యాలట. లేకపోతే వాళ్ళే మనుషుల్ని పెట్టి తీయించి ఆ ఖర్చు ఇంటి మీద బాకీగా రాస్తారట.

ఆ గుడిసెలో ఉండేది మా తమ్ముడు రాయిస్.

పాతికేళ్ళు లారీ తోలినవాడు. తాగుడుకి లైసెన్సూ పోయింది, పెళ్ళామూ పోయింది. నా దగ్గరికొచ్చి రెండుసార్లు సిగరెట్టు నోట్లో ఉండగానే సోఫా మీద నిద్రపోయాడు. మొదటిసారి సోఫా కాలింది, రెండోసారి గోడ అంటుకుంది. "ఇంకోసారి నా గడప తొక్కితే పోలీసుల్ని పిలుస్తా" అన్నాను. వాడు కోపం తెచ్చుకోలేదు. లైలాక్ పొదల వెనక నాలుగు చెక్కలు నిలబెట్టి, పైన టార్పాలిన్ కప్పుకుని, అందులో రెండు చలికాలాలు గడిపాడు. బడి వంటశాలలో పనికి వెళ్ళే ముందు రోజూ వెనక మెట్టు మీద ఫ్లాస్కుతో కాఫీ పెట్టేదాన్ని. గుడిసె బయట వాడి బూట్లు పక్కపక్కన, మేజోళ్ళు లోపల కుక్కి, బుద్ధిగా ఉండేవి. చిన్నప్పుడు బూట్లతో పక్క ఎక్కితే మా అమ్మ చీపురు తిరగేసేది. అమ్మ చెప్పినవాటిలో వాడు జీవితాంతం పాటించింది ఆ ఒక్కటే.

నవంబరు చలిలో ఆ గుడిసె పీకేస్తే వాడెక్కడ పడుకుంటాడు? కాగితం చేతిలో పట్టుకుని ఆలోచించింది అదే. ఆలోచించి కూడా డంప్‌స్టర్, అదే పెద్ద చెత్త తొట్టి, అద్దెకిచ్చేవాళ్ళకి ఫోన్ చేశాను.

సోమవారం ఓటిస్ అనే డ్రైవరు లారీ మీంచి గదంత ఇనుప తొట్టిని పెరటి పక్కన దించాడు. పైన మూత లేదు. వెనకవైపు తలుపు, దానికి బయటనుంచి గడియ.

"ఆకులు, కొమ్మలు, గడ్డి. అంతే మేడమ్. వీటిని యంత్రంలో వేసి రుబ్బి ఎరువు చేస్తారు. ఒక్క పెయింటు డబ్బా కనబడినా లోడంతా తిప్పి పంపేస్తారు. ఊళ్ళో తొట్టి దిగిందంటే చాలు, జనం తమ చెత్త పడెయ్యడానికి ఈగల్లా వాలతారు. ఒక కన్నేసి ఉంచండి."

రాయిస్ తాగకుండా రెండు రోజులు పనిచేశాడు. నేను దంతెతో లాగితే వాడు తోపుడుబండితో తోశాడు. తలుపులోంచి లోపలికి నడిచి వెళ్ళి ఆకులు కుమ్మరించేవాడు. తడి ఆకులు కుప్పపడితే లోపల్లోపల వేడెక్కుతాయి.

"అక్కా, ఇలా వచ్చి చెయ్యి పెట్టు" అన్నాడు మంగళవారం. "పొయ్యిలా ఉంది. నీ ఇంటికంటే ఇదే నయం."

"అయితే ఇందులోనే కాపురం పెట్టు" అన్నాను.

ఆ మాట నవ్వుతూనే అన్నాను.

బుధవారం పొద్దున్న చూస్తే ఆకుల మీద మరకల పరుపొకటి, రెండు పెయింటు డబ్బాలు. ఒళ్ళు మండిపోయింది. ఆ పూలపూల పరుపు పక్కింటి వెల్మాదని ఊరందరికీ తెలుసు, ఏడాదిగా ఆవిడ వరండాలోనే పడుంది. రాయిస్ దాని మీద వెల్లకిలా పడుకుని "నాకిచ్చెయ్ అక్కా, బంగారంలా ఉంది" అన్నాడు. నేను వినలేదు. పరుపుని ఈడ్చుకెళ్ళి, డబ్బాలతో సహా వెల్మా మెట్ల మీద పడేసి, వీధంతా వినబడేలా నోరు పారేసుకున్నాను. కిటికీ పరదా కదిలింది, ఆవిడ మాత్రం బయటికి రాలేదు.

గురువారం గుడిసె. నేను గొడ్డలి తీసుకుని వెళ్తే వాడే చేతిలోంచి తీసుకున్నాడు. తను నిలబెట్టిన చెక్కలు తనే ఒక్కొక్కటీ ఊడదీసి గరాజు గోడకి చేర్చాడు. టార్పాలిన్ మడతపెట్టి నాకిచ్చాడు. తర్వాత వంటింటి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఈ ఒక్క రాత్రీ సోఫా మీద పడుకోనా? సిగరెట్లు నీ దగ్గరే పెట్టుకో."

"ఇల్లు లేనివాళ్ళకి చర్చిలో మంచాలు వేశారుగా. అక్కడికి పో."

"అక్కడ నా బూట్లు కొట్టేస్తారే."

"కొట్టెయ్యనీ! నీకు చోటిచ్చి నేను బుగ్గవ్వాలా? నీ కోసం నేనెన్నాళ్ళని చావను?"

"సరేలే, అరవకు" అని లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. సారా కొట్టు వైపే వెళ్ళాడు, చూశాను. పోతే పోయాడని తలుపేసుకున్నాను.

చీకటి పడే వేళకి వెల్మా పరుపు మెట్ల మీద కనబడలేదు. మళ్ళీ నా తొట్టిలోకే వస్తుందని నాకు నమ్మకం. టార్పాలిన్, తాడు తీసుకుని బయటికొచ్చాను. తొట్టి తలుపు తెరిచే ఉంది. లోపలికి తొంగిచూశాను. ఆకుల గుట్ట తప్ప ఏమీ లేదు. తలుపు మూసి గడియ వేశాను. పైన టార్పాలిన్ కప్పి, తాడు కొక్కేలకి బిగించి, చివర రాయిస్ నేర్పిన లారీవాళ్ళ ముడి వేశాను. ఎంత బరువు లాగినా జారదు, కొస పట్టి ఒక్క గుంజు గుంజితే ఊడొస్తుంది. "ఆ కొస మాత్రం వదులుగా వెయ్యాలి అక్కా. దాన్నీ ముడేశావో, ఇక కత్తే గతి" అని వాడు వందసార్లు చెప్పాడు.

కొస వదిలేస్తే వెల్మా ఊడదీసుకుంటుంది. అందుకని దాన్ని కిందనుంచి తిప్పి రెండో ముడి వేసి, పళ్ళతో పట్టి లాగాను.

శుక్రవారం ఏడింటికి ఓటిస్ వచ్చాడు. టార్పాలిన్ చూసి మురిసిపోయాడు.

"ఇంత పద్ధతిగా కట్టినవాళ్ళని చూడలేదు మేడమ్." అలవాటు కాబోలు, తొట్టిని పిడికిలితో మూడుసార్లు గుద్దాడు. "చలికి ఎవరో ఒకరు దూరుతుంటారు. పైకెక్కి చూస్తాను."

"ఎవరుంటారు? నా చేత్తో నేనే కట్టాను. పోనివ్వండి, నాకు బడికి టైమవుతోంది."

అతను నా మాట నమ్మాడు. తొట్టి లారీ మీదికి ఎక్కింది. అది ఉన్నచోట పచ్చగడ్డి పసుపెక్కి నలిగి ఉంది. దాని వెనక, ఇన్నాళ్ళూ తొట్టి అడ్డంగా ఉన్న కంచె వారగా, రెండు బూట్లు పక్కపక్కన ఉన్నాయి. మేజోళ్ళు లోపల కుక్కి ఉన్నాయి.

లారీ అప్పటికి వీధి మలుపు తిరిగింది. అరుస్తూ పరిగెత్తాను. చెప్పు ఊడిపోయింది. వెనక్కొచ్చి ఫోన్ చేస్తే మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. డ్రైవింగులో ఓటిస్ ఫోన్ ఎత్తడట, ఆ నియమం తర్వాత తెలిసింది. ఆరోసారికి ఎత్తాడు.

"మేడమ్..." అన్నాడు. వెనక యంత్రం మోత లేదు. "యంత్రం ఆపేశాం మేడమ్. అందులో పడలేదు. దించగానే కనబడ్డాడు."

"బతికే ఉన్నాడా?"

అతను ఏడుస్తున్నాడు. నాకు అర్థమైంది.

మత్తులో, చలికి, నిద్రలోనే పోయాడని డాక్టరు కాగితం మీద రాశాడు. పాస్టరు అదే చెప్పాడు, బడిలో అందరూ అదే చెప్పారు. నేనూ నమ్మేదాన్నే. అంత్యక్రియల రోజు వెల్మా వచ్చి నా చెయ్యి పట్టుకోకుండా దూరంగా నిలబడింది.

"ఆ రాత్రి తొట్టిలో చప్పుడైంది నోరీన్. రకూన్ ఏదో దూరి చెత్త కెలుకుతోందనుకున్నా. నిన్ను లేపుదామనుకున్నా, మళ్ళీ పరుపు గొడవెత్తి తిడతావని..."

నేను తిట్టలేదు.

మర్నాడు ఓటిస్ నా టార్పాలిన్, తాడు తెచ్చి వంటింటి మెట్టు మీద పెట్టాడు. ముడి రాలేదని తాడుని కోశాడట. ఆ ముడి అలాగే ఉంది, రెండోదీ ఉంది. టార్పాలిన్ పరిచి చూశాను. ముడి ఉండే మూలన చెయ్యి పట్టేంత చిల్లు ఉంది, అంచులు బయటికి చీరుకుని ఉన్నాయి. నేను కప్పినప్పుడు అది లేదు. ఆ చీకట్లో వాడు చెయ్యి బయటపెట్టి, ముడిని తడిమి గుర్తుపట్టి, లాగితే ఊడొచ్చే కొస కోసం వెతికాడు.