సుద్దగీత ఉన్న పన్ను

నేను ఒక కోత యంత్రాన్ని. పోత ఇనుప బల్ల, దాని నడుమ చీలికలోంచి తల ఎత్తిన గుండ్రటి రంపం, కింద మోటారు. ఇంతే నా శరీరం. మొదట నన్ను కొన్నది నూజివీడులో మామిడిపళ్ల పెట్టెలు చేసే ఆసామి. పండు కింద పడకపోతే చాలు, అదే ఆ పెట్టెల కొలత. ఆయన నన్ను ఎన్నడూ సరిచూడలేదు, నేనూ ఎన్నడూ తిన్నగా కోయలేదు. ఒకరినొకరం ఏమీ అనుకోకుండా కొన్నేళ్లు గడిపాం.

తర్వాత తునిలో వడ్రంగం చేసే లక్కోజు సోమలింగం చేతికి వచ్చాను. నన్ను దించుకున్న రోజు ఆయన పని మాట ఎత్తలేదు. కాళ్ల కింద రేకుముక్కలు పెట్టి ఊగకుండా నిలబెట్టాడు. మూలమట్టం ఆనించి రంపాన్ని నిట్టనిలువు చేశాడు. నా బల్ల మీద పొడవునా ఒక గాడి ఉంది. రంపం ఆ గాడికి సమాంతరంగా ఉంటేనే కోత తిన్నగా వస్తుంది. అందుకని ఒక పన్నుకు సుద్దగీత పెట్టి, గాడి నుంచి దాని దూరం కొలిచాడు. రంపాన్ని చేత్తో తిప్పి, అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్లీ కొలిచాడు. రెండూ ఒకటయ్యేదాకా బోల్టులు వదులు చేయడం, తట్టడం, బిగించడం. నాకు మామిడిపెట్టెల సుఖం గుర్తొచ్చి విసుగేసింది. చివరికి రెండు ముక్కలు కోసి, అంచులు కలిపి వెలుతురుకు ఎత్తాడు. సందులోంచి వెలుగు రాలేదు. అప్పుడు మాత్రం గర్వపడ్డాను, దాచడమెందుకు.

ఏటా దసరాకు ఆయన భార్య మాణిక్యం పనిముట్లకు పూజ చేసేది. రంపం విప్పి, కడిగి పీట మీద పెట్టేవారు. ఒక ఏడు, సోమలింగం జబ్బుపడి లేచాడని ఆమెకు భక్తి కాస్త ఎక్కువైంది. రంపం ఆనుకొని కూర్చునే ఇరుసు బిళ్లకు కూడా చిక్కటి పసుపుముద్ద అద్ది బొట్టు పెట్టింది. మర్నాడు సోమలింగం పూజ పసుపును తుడవడానికి మనసొప్పక దాని మీదే రంపాన్ని బిగించేశాడు.

ఒక పక్కనే గట్టిపడిన ఆ పసుపు వల్ల రంపం తిరిగేటప్పుడు కంటికి ఆనని ఊపు వచ్చింది. కోత వెడల్పై, ప్రతి ముక్కా అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు, తక్కువ తెగింది. కిటికీ రెక్కల మూలలు కలవలేదు. సోమలింగం సుద్దగీత పెట్టి ముందూ వెనకా కొలిచాడు. రెండూ సరిపోయాయి. సరిపోక ఏమవుతాయి? రంపం ఒరుగు ఆ పన్నుతోపాటే తిరుగుతుంది కనుక, ఒకే పన్నును రెండుచోట్ల కొలిస్తే ఊపు దొరకదు. మిషనులో తప్పు లేదని తేలాక మిగిలింది తన చెయ్యే. ఆయన తండ్రి ఇదే వయసులో చేతివణుకు మొదలై ఉలి పక్కన పెట్టేశాడట. నిందించుకోవడానికి తానే దొరికితే మనిషి ఇక వేరే చోట వెతకడు.

"ఈ చెయ్యిని ఇక నమ్మకూడదే మాణిక్యం. పని ఆపేస్తాను, మిషను అమ్మేద్దాం," అన్నాడు.

కొంటానన్న మనిషి కూడా పెట్టెలు చేసేవాడే. నాకు నచ్చలేదు. నన్నడిగేదెవరు?

ఆ మనిషి వచ్చే రోజు పొద్దున్నే, వంకర మిషను అంటగట్టాడన్న మాట పడకూడదని సోమలింగం నన్ను చివరిసారి సరిచూడబోయాడు. తన కళ్ల మీదా నమ్మకం పోయింది కనుక స్కేలు చదవమని భార్యను పిలిచాడు. ఆమెకు ఈ పద్ధతి ఏం తెలుసు? ముందు సుద్దగీత పన్ను దగ్గర కొలిచింది. వెనక మాత్రం చేతికి అందిన పన్ను దగ్గర స్కేలు పెట్టి, తగ్గిందంది. అది కాదు, సుద్ద ఉన్నదాన్ని కొలవమని ఆయన విసుక్కున్నాడు. కొలిస్తే సరిపోయింది.

"మరి దీనికెందుకు తగ్గిందండి? సుద్ద రాయలేదని అలిగిందేటి?" అంది మాణిక్యం.

పన్నుకూ పన్నుకూ తేడా వచ్చిందంటే రంపం బిళ్లకు సమంగా ఆనలేదని సోమలింగానికి తట్టింది. నట్టు విప్పి రంపం తీశాడు. బిళ్ల మీద పసుపు పెచ్చు, దాని మీద చెరగని బొట్టు. ఆమె ముఖం పాలిపోయింది. అంతా తన వల్లే అయిందని గొణిగింది. ఆయన పెచ్చు గీకి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, రంపం బిగించి రెండు ముక్కలు కోశాడు. వెలుతురుకు ఎత్తాడు. సందు లేదు. ముక్కలు కింద పెట్టి, తన చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

"నా చెయ్యి బాగానే ఉందే," అన్నాడు.

ఇద్దరి కళ్లూ తడిశాయి. సంతోషించాలో సిగ్గుపడాలో వాళ్లకు తెలియలేదు. కొనడానికి వచ్చినాయన టీ తాగి వెళ్లిపోయాడు.

మరుసటి దసరాకు మాణిక్యం పళ్లెం పట్టుకొని నా ముందుకొచ్చింది. మోటారు మూతకు ఒక చిన్న బొట్టు పెట్టి, రంపాన్ని వదిలేసింది. మిగిలిన పసుపంతా సోమలింగం కుడిచేతికి, మణికట్టు దాకా పూసి బొట్టు పెట్టింది. ఆయన వద్దనలేదు.

మర్నాడు ఆ చేత్తోనే నా మీద మొదటి చెక్క పెట్టాడు. బల్ల అంచుకు కాస్త పసుపు అంటింది. చూసి, భుజం మీది తువ్వాలుతో తుడిచేసి, స్విచ్చి నొక్కాడు.