ఒక్టేవ్ టోపీ పెట్టుకోలేదు

చచ్చిపోవడానికి కూడా ట్రంపెట్ వాయించే క్లియోఫస్ మంచి రోజు చూసుకోలేకపోయాడని ఒక్టేవ్ ల్యాండ్రీ ఆ వారమంతా విసుక్కున్నాడు. ఏప్రిల్ నెలాఖరు. న్యూ ఆర్లియన్స్ అంతటా ప్రపంచ జాజ్ ఉత్సవం హడావిడి. సంగీతం సంస్కృతులన్నిటినీ ఒక్కటి చేస్తుందని గోడల మీదా బస్సుల మీదా రాతలు. జాజ్ పుట్టిన పేట అని మురిసిపోయి ట్రీమేలో ఇళ్ళు కొనుక్కున్న కొత్తవాళ్ళు మాత్రం, పక్కింట్లో ట్రంపెట్ మోగితే పోలీసులకు ఫోన్ చేస్తారు. క్లియోఫస్ బతికున్నంతకాలం అతని గుమ్మంలోకి పోలీసులు వస్తూ పోతూనే ఉన్నారు. ఇప్పుడు అతని బొమ్మ బస్సుకెక్కింది. పోయినవాడి ట్రంపెట్ ఎవరి నిద్రా చెడగొట్టదు కదా.

క్లియోఫస్ పోయేముందు కోరింది ఒక్కటే. వాళ్ళ నాన్న ట్రంపెట్ వాయించిన ఓక్ చెట్ల వరసను కొట్టేసి, ఆ చోట హైవే వంతెన కట్టారు. "నన్ను ఆ వంతెన కింద సాగనంపండిరా. నా పాట ఆ కాంక్రీటుకి తగిలి మార్మోగాలి. అది మా చెట్ల మీద ఎక్కి కూర్చుంది, ఒక్కసారైనా వణకాలి," అన్నాడు.

సాగనంపడానికి ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. శవం వెంట బ్యాండు విషాద గీతం వాయిస్తూ నడుస్తుంది. చిన్న డ్రమ్ము అడుగున ఉండే తీగల కింద చేతిరుమాలు దోపి దాని గొంతు నొక్కుతారు. ముందు నడిచే పెద్దమనిషి టోపీ తీసి గుండెకు ఆనించుకుంటాడు. సాగనంపే చోటు రాగానే ఆ టోపీ నెత్తిన పెట్టుకుంటాడు. అంతే, రుమాలు ఊడుతుంది, ట్రంపెట్ కేక వేస్తుంది, అంతవరకూ ఏడ్చినవాళ్ళంతా చిందులేస్తారు. పోయినవాడికి విడుదల దొరికిందని ఆ సంబరం. టోపీ నెత్తికెక్కేదాకా ఎంత గొప్ప బ్యాండైనా ఆ సంబరపు పాట ఎత్తుకోదు. ముప్పై ఏళ్ళుగా ట్రీమేలో ఆ టోపీ ఒక్టేవ్‌ది.

ఈసారి చిక్కల్లా వీధి దగ్గర వచ్చింది. శనివారం వీధులన్నీ ఉత్సవానికి ఇచ్చేశారు, శవయాత్రకు అనుమతి లేదు. ఉత్సవ కమిటీ నుంచి విట్నీ అనే అమ్మాయి క్లియోఫస్ భార్య యూలాలీ ఇంటికి పువ్వులు పట్టుకుని వచ్చింది.

"మా ఊరేగింపులో కలిసి నడవండమ్మా. మీకు వీధి దొరుకుతుంది, ఎన్నో దేశాలవాళ్ళు మీ సంప్రదాయాన్ని కళ్ళారా చూస్తారు. ఎంత అందంగా ఉంటుందో!"

ఆ పిల్ల అటు వెళ్ళగానే ఒక్టేవ్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఒప్పుకోకు వదినా! ఆ ఉత్సవం జనం శవం వెనకాల రంగు గొడుగులు ఊపుకుంటూ వస్తారు."

"రానీ. నా మొగుడు జనం పలచబడితే అలిగే మనిషి. వీధి ఎవడి చేత్తో ఇస్తేనేం? నాకు వంతెన కింద ఆ పాట కావాలి. నీ పొగరు ఇంట్లో పెట్టి తాళమేసి రా."

"సర్లే."

"సర్లే కాదు. మాటివ్వు."

ఒక్టేవ్ మాటిచ్చాడు.

శనివారం చర్చి ముందు అంతా బాగానే మొదలైంది. రెండు గుర్రాలు లాగే అద్దాల బండిలో క్లియోఫస్, వెనకే నల్ల బట్టల్లో యూలాలీ, ముందు టోపీ గుండెకు ఆనించుకుని ఒక్టేవ్. అడుగు తీసి అడుగు వేయడానికి మధ్య ఒక ఊపిరి పట్టేటంత నిదానం. బ్యాండు పక్కనే నార్వే నుంచి వచ్చిన ఆర్నే అనే ముసలాయన, క్లారినెట్ పెట్టె హత్తుకుని, నడక తప్పకుండా నడుస్తున్నాడు. క్లియోఫస్ నార్వే వెళ్ళినప్పుడల్లా ఆయన ఇంట్లోనే దిగేవాడు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా తెల్లవార్లూ వాయించుకునేవారట. ఆర్నే చెంపల మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఒక్టేవ్‌కి ముచ్చటేసింది. సంస్కృతులు కలవడమంటే ఇదీ, దీనికి బస్సు మీద బొమ్మెందుకు అనుకున్నాడు.

రెండో వీధి మలుపులో ఉత్సవం వాళ్ళు వచ్చి కలిశారు. రంగు గొడుగులు, మెరుపు టోపీలు, చేతుల్లో బీరు గ్లాసులు. విషాద గీతానికే చిందులు మొదలయ్యాయి. ఒకడు అద్దాల బండి మెట్టెక్కి, శవపేటికతో కలిపి ఫోటో తీసుకున్నాడు.

విట్నీ పరుగెత్తుకొచ్చింది. "ల్యాండ్రీ గారూ, కొంచెం జోరు పెంచుతారా? వెనకాల వాళ్ళకి ఊపు రావట్లేదు."

"లోపల పడుకున్నవాడిని అడుగు తల్లీ, తొందరేమైనా ఉందేమో," అన్నాడు ఒక్టేవ్.

అంతవరకూ ఓర్చుకున్నాడు. ఇంకొక్క సందు దాటితే వంతెన అనగా, నిక్కరు వేసుకున్న కుర్రాడొకడు తూలుకుంటూ వచ్చి యూలాలీ మెడలో ఆకుపచ్చ పూసల దండ వేశాడు. "నవ్వు మామ్మా! జాజ్ అంటే సంతోషం!"

యూలాలీ ఆ దండ తీయలేదు, తల తిప్పలేదు. ఒక్టేవ్ ఒళ్ళు భగ్గుమంది.

వంతెన నీడ మీద పడింది. విషాద గీతం ఆఖరి స్వరం కాంక్రీటుకు తగిలి తిరిగొచ్చింది. బ్యాండు ఆగింది. బంపీ అని పిలిచే డ్రమ్మరు రుమాలు అంచు పట్టుకుని, కళ్ళు ఒక్టేవ్ టోపీ మీదే పెట్టి నిలబడ్డాడు. ఆర్నే పెట్టె తెరిచి క్లారినెట్ బయటికి తీశాడు.

ఒక్టేవ్ వెనక్కి తిరిగాడు. వాళ్ళందరినీ, గొడుగులనూ ఫోన్లనూ బీరు గ్లాసులనూ ఒక చివర్నుంచి ఇంకో చివరిదాకా చూశాడు. టోపీ గుండె మీదే ఉంది. ఏదో జరగబోతోందని గుంపు కిక్కురుమనకుండా ఎదురుచూసింది.

అతను మళ్ళీ ముందుకు తిరిగి, అదే నిదానపు అడుగు వేశాడు.

"బాబాయ్!" అన్నాడు బంపీ. "వంతెన దాటిపోతోంది!"

"నడు."

"ఆయన ఏమడిగాడో మర్చిపోయావా?"

"వీళ్ళు ఏడవలేదు. ఏడవనివాళ్ళకి ఆట లేదు. నడవరా!"

బ్యాండు నడిచింది. వెనకాల గుంపు ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. అదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారు కాబోలు. ఆర్నే క్లారినెట్‌ను మళ్ళీ పెట్టెలో పెట్టి మూత బిగించుకున్నాడు.

డ్రమ్ము తీగల కింద రుమాలు ఉండగానే క్లియోఫస్ సమాధిలోకి వెళ్ళాడు. శ్మశానం గేటు దగ్గర విట్నీ కళ్ళు తుడుచుకుంది. "ఆ నిశ్శబ్దం అద్భుతమండీ! ముందే అనుకున్నారా?" ఒక్టేవ్ ఆమెను దాటుకుని నడిచాడు. సాయంత్రం పార్కులో ఉత్సవ వేదిక మీద వాయించాలని బ్యాండును అక్కడికక్కడే బస్సెక్కించి తీసుకుపోయారు.

భోజనాలయ్యాక యూలాలీ ఇంట్లో జనం పలచబడ్డారు. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది, ఎర్ర బీన్సూ అన్నం పళ్ళెంలో అలాగే చల్లారిపోయింది. పూసల దండ ఇంకా మెడలోనే ఉంది. ఒక్టేవ్ పక్క కుర్చీలో చేరగిలబడి టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. రోజంతా అతను ఛాతీ విరుచుకునే ఉన్నాడు.

"చూశావా వదినా, వాళ్ళ ఆట ఎలా కట్టించానో? నీ మెడలో ఆ చెత్త వేసినందుకు..."

"నా మెడలో ఏం వేశాడో నాకు తెలియనైనా తెలీదు," అంది యూలాలీ. "వాడు తాగుబోతు వెధవ. నేను వాడికేసి చూడలేదు. చర్చి దగ్గర్నుంచీ నేను నీ టోపీకేసే చూస్తున్నాను ఒక్టేవ్. ఇప్పుడు పెట్టుకుంటాడు, ఇప్పుడు పెట్టుకుంటాడు అని."

ఒక్టేవ్ ఒళ్ళో ఉన్న టోపీకేసి చూశాడు.

"వాళ్ళకేం పోయింది? చప్పట్లు కొట్టి ఇంటికి పోయారు. నువ్వు వాళ్ళ మీద గెలిచావు. నా మొగుడు ఓడిపోయాడు. ఏడ్చినదాన్ని నేనున్నాను కదయ్యా అక్కడ. ఆ నార్వే ఆయనున్నాడు. మేమిద్దరం చాలలేదా నీకు?"

"కోపం ఆపుకోలేకపోయాను వదినా."

"అవును. కోపం నీది. శవం నాది."

అప్పుడే పార్కు వైపు నుంచి గాలిలో తేలుతూ పాట వచ్చింది. రుమాలు తీసేసిన బంపీ డ్రమ్ము ముందు పలికింది, దాని మీద ట్రంపెట్ కేక వేసింది. వంతెన కింద మోగాల్సిన పాటే. వేలమంది ఒక్క గొంతుతో కేరింతలు కొట్టారు. గొడుగులు పైకి లేస్తున్నాయని ఒక్టేవ్‌కి చూడకుండానే తెలిసింది. క్లియోఫస్ ఒక్కడికి తప్ప ఊరందరికీ ఆ పాట అందింది.

యూలాలీ లేచింది. నడుముకు దోపుకున్న తెల్ల రుమాలు తీసి, మోకాళ్ళ నొప్పితోనే ఆ పాట తాళానికి అరుగు చివరిదాకా ఒక్కో అడుగూ వేసింది. ఆ అడుగులో తూగు ఉంది గానీ సంబరం లేదు. ఒక్టేవ్ చెయ్యి దానంతటదే టోపీ మీదికి పోయి, దాన్ని నెత్తి వైపు ఎత్తింది.

"ఒళ్ళోనే ఉంచుకో," అంది యూలాలీ, వెనక్కి తిరగకుండానే.

ఒక్టేవ్ టోపీ దించుకున్నాడు. పార్కులో పాట అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.