ముట్టడి ఎత్తేయడం

సుబ్బు చివరి కోట చుట్టూ యాసీన్ సైన్యం దిగి చాలా రోజులైంది. ఒక్క దాడి చాలు. కోట పడుతుంది, తెర మీద విజయం అని వస్తుంది, ఆట ముగుస్తుంది. ఆ ఒక్క దాడే యాసీన్ చేయడం లేదు.

చెన్నైలో ఒక చిన్న కంపెనీ తయారుచేస్తున్న పాత రాజ్యాల యుద్ధాల ఆటకి నియమాలు రాయడం అతని పని. ముత్తుకూరులో మేడమీద గదిలో ఒక్కడే ఉంటాడు. రాసిన నియమాలను ఎవరితోనైనా ఆడి చూడాలి. సముద్రంలో చేపల వేట నిషేధం ఉండే నెలల్లో పడవ ఒడ్డుకెక్కించి ఖాళీగా ఉన్న సుబ్బు అందుకు ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఫోన్ చేస్తాడు. మాట్లాడుకుంటూ ఆడతారు. రోజు మొత్తంలో యాసీన్ తన పేరు వినేది అప్పుడే.

ఆట ఇంకా ఎందుకు తేలలేదని కంపెనీ వాళ్ళు అడిగారు. గెలుపు నియమాన్నే మార్చాలని అతను జవాబు రాశాడు. చరిత్రలో కోట పడగానే అన్నీ ముగిసిపోలేదు. ఓడిన రాజు కప్పం కట్టి బతికాడు, కొన్నాళ్ళకి తేరుకున్నాడు. మన ఆట మాత్రం అతన్ని తుడిచేస్తోంది. ఇదంతా నిజమే. నిజమైన మాటల వెనక దాక్కోవడం తనకి అలవాటని కూడా యాసీన్‌కి తెలుసు. కొత్త నియమం రాశాడు: కోట పడినా రాజు పోడు. ప్రతి వంతులోనూ గెలిచినవాడి కొలువుకి వచ్చి కప్పం పెట్టాలి. ఆట సాగుతూనే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం ఫోన్‌లో సుత్తి దెబ్బలు వినిపించాయి.

"ఏందిరా ఆ చప్పుడు?"

"ఇంజన్ బిగిస్తా ఉండారన్నా. ఈ రోజుతో నిషేధం అయిపోతాది గదా. తెల్లారి గంగమ్మకి టెంకాయ కొట్టి పోతాం. ఇయ్యాళ తేల్చెయ్. ఎన్నాళ్ళు నా గోడకి ఆనుకోని కూర్చుంటావు? అక్కడే కాపురం పెట్టినావా ఏంది?"

యాసీన్ నవ్వి, కొత్త నియమం చెప్పాడు.

"అంటే ఓడిపోయినాక గూడా దినామూ వచ్చి నీకు దండం పెట్టాల?"

"దండం కాదురా, కప్పం. ఆటలో ఉంటావు గదా."

"ఆ ఉండేది ఎవురి కోసం అన్నా?"

యాసీన్ ఏదో ఒకటి చూడాలని కోటను తెర మీద దగ్గరికి లాగాడు. బురుజుల మీద ఒక్కడూ లేడు.

"నీ కావలి ఏమైంది?"

"ఎప్పుడో తీసేసినా. మా దగ్గర ఒకడు వలేసుంటే ఇంకో పడవ దూరంగా ఆగతాది, వాడు లాక్కునేదాకా. నువ్వూ అట్లే ఆగినావనుకున్నా. ఊరికే తిండి దండగని సైన్యాన్ని కోట లోపలి చేలల్లోకి తోలినా. యాసీనన్న మర్యాద తెలిసినోడని మా చిన్నపోలయ్య మామకి గూడా చెప్పినా."

యాసీన్ చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ తను సుబ్బుని పట్టి ఉంచుకున్నాననుకున్నాడు. సుబ్బు ఏమో, యాసీన్ తనకి దారి ఇచ్చాడనుకున్నాడు.

'దాడి' గుర్తు మీద వేలు పెట్టి ఆగాడు. ఒక్కసారి నొక్కితే రేపటి నుంచి సుబ్బు కప్పం కట్టే రాజు. వేట నుంచి ఒళ్ళలిసి వచ్చి, మొహమాటానికి ఫోన్ తీస్తాడు. కొన్నాళ్ళు తీస్తాడు. మొహమాటపడే గొంతు ఎలా ఉంటుందో యాసీన్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొత్త నియమం చెరిపేశాడు. ఇంకొకటి రాశాడు: ముట్టడి వేసినవాడు దాన్ని ఎత్తేసి వెళ్ళిపోవచ్చు. అది ఓటమి కాదు. సైన్యాన్ని వెనక్కి తిప్పాడు.

"ఏందన్నా, పోతా ఉండావు?"

"నువ్వు నీ వల లాక్కో."

"అయితే నేను గెలిచినట్టా?"

"తెలీదురా. దానికింకా పేరు పెట్టలా."

"నువ్వు పేరు పెట్టేలోపల నేనే గెలిచినానని ఊరంతా చాటేస్తాలే." అవతల ఎవరో పిలిచారు. "వస్తా అన్నా."

మళ్ళీ ఎప్పుడని అడగబోయాడు యాసీన్. "సరే, జాగ్రత్త," అన్నాడు.

సుబ్బు వంతులు కూడా తనే నొక్కుతూ సైన్యాన్ని ఇంటికి నడిపించాడు. వెళ్ళేటప్పుడు తను తగలబెట్టిన ఊళ్ళ మీదుగానే దారి. చివరికి రాజధాని ద్వారం తెరుచుకుంది. గెలిచి వచ్చిన రాజుకి నగారా మోగుతుంది. ఓడి వచ్చిన రాజుకి ఒక కొమ్ము, దీర్ఘంగా. ఇలా వచ్చిన రాజుకి ఆటలో ఏ శబ్దమూ ఎవరూ చేసిపెట్టలేదు. గుర్రాలు ఊరికే లోపలికి వెళ్ళాయి.

అక్కడ ఏ శబ్దమూ పెట్టవద్దని, అలాగే ఉంచమని యాసీన్ కంపెనీకి రాశాడు.