చెక్క నీళ్లు తాగేదాకా

"జుట్టులో ఆ రంపపు పొట్టేమిటి, అలాగే వడ్డిస్తున్నావా?" అన్నారు అత్తయ్య. పక్కకు జరిగి తల దులుపుకున్నాను. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే నవ్వారు. ఆ పొట్టు ఆయన పడవదేనని ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

ఆ పాత తెరచాప పడవను ఆయనే ముచ్చటపడి కొన్నారు. ఇద్దరు కూర్చుంటే నిండిపోయేంత చిన్నది. కారు షెడ్డులో దాన్ని బోర్లించి, స్నేహితులను పిలిచి చూపించి, సొంత చేతులతో బాగుచేసి నీళ్లలోకి దింపుతానని అందరికీ చెప్పారు. కొన్ని ఆదివారాలు పాత రంగు గీకారు. తర్వాత నడుం పట్టేసింది. నడుం తగ్గేసరికి టీవీలో మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఎవరైనా అడిగితే, "మా ఆవిడకి చెప్పాను, కాస్త గీకుతూ ఉంటుంది" అనేవారు.

గీకుతూనే ఉన్నాను. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, గిన్నెలు తోమి, ఆపైన షెడ్డులోకి. మొదట్లో చిరాకుతోనే. పోనుపోను చేతులకే పని తెలిసింది. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతే మంచి చెక్క గట్టిగా పలికేది, పుచ్చిన చెక్క మెత్తగా మూలిగేది. ఈ ఇంట్లో నేను అడిగినదానికి బదులు చెప్పేది ఇదొక్కటే కదా అనిపించి ఒకరోజు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూడటానికి అక్కడెవరూ లేరు.

అడుగున ఒక పలక పూర్తిగా పుచ్చిపోయింది. కొత్త పలకకు ఆవిరి పట్టి, మెత్తబడగానే వంచి బిగించాలి. చల్లారితే ఇక వంగదు. దానికి ఇద్దరు మనుషులు కావాలి. పలకను ఆవిరిలోంచి తీస్తూ ఆయన్ని పిలిచాను. వస్తున్నానన్నారు. మళ్లీ పిలిచాను. "వస్తున్నానన్నాను కదా" అని లోపలినుంచి విసుక్కున్నారు. పలక నా చేతుల్లోనే బిగుసుకుంది. బలవంతంగా వంచబోతే ఫట్‌మంది. ఆయన తీరిగ్గా వచ్చి, విరిగిన చోటు చూసి, "నీకు తొందరెక్కువ" అన్నారు.

రెండో పలకకు ఎవరినీ పిలవలేదు. ఒక కొసను ముందే బిగించేసి, మోకాలితో నొక్కి, భుజంతో అదిమి, కొంచెం కొంచెంగా వంచుకుంటూ పోయాను. ఆవిరి తగిలి చెంప కాలింది. పలక మాత్రం వంగి తన చోట కూర్చుంది. మర్నాడు ఆఫీసులో చెంపకేమైందని అడిగితే వంటింట్లో కాలిందన్నాను. అలా చెబితే ఇంకేమీ అడగరు.

దింపే రోజు స్నేహితులంతా భార్యలతో సరస్సు ఒడ్డుకి వచ్చారు. "ఇంత ఓపిక ఎక్కడిదిరా నీకు?" అని ఒకాయన మెచ్చుకుంటే, ఆయన పడవ అంచు నిమురుతూ, "మా ఆవిడ కూడా సాయం చేసిందిలే" అన్నారు. నేను ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాను.

పడవను నీళ్లలోకి దింపి ఆయన ఎక్కి కూర్చున్న కాసేపటికే పలకల సందుల్లోంచి నీళ్లు ఊరడం మొదలైంది. పాదాలు మునిగేసరికి ఒడ్డుకు గెంతి, అందరి ముందూ నా వైపు తిరిగారు.

"ఆ పలక నువ్వు వేసిందే కదా?"

ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఏళ్ల తరబడి ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బేదాకా కారుతుందని, ఉబ్బాక సందులు వాటంతటవే మూసుకుపోతాయని ఆయనకి ఎన్నిసార్లో చెప్పాను. మళ్లీ చెప్పబుద్ధి కాలేదు.

"అవును, ఆ పలక నేనే వేశాను," అన్నాను. "మిగతాదంతా కూడా నేనే చేశాను."

ఫ్లాస్కు ఆయన చేతికిచ్చి పడవలోకి దిగాను. చిన్న బకెట్టుతో నీళ్లు తోడుతూ కూర్చున్నాను. కాసేపు చూసి అందరూ భోజనాలకు కదిలారు. నలుగురిలో నవ్వులపాలు చేయొద్దని, వచ్చెయ్యమని ఆయన ఒకసారి పిలిచి, వాళ్ల వెనకే వెళ్లిపోయారు.

తోడినకొద్దీ వచ్చిన నీళ్లు మెల్లగా తగ్గాయి. పొద్దు వాలేవేళకు నా పలక అంచున వేలు పెట్టి చూశాను. చుక్క రావడం లేదు. ఆ మాట చెప్పుకోవడానికి ఒడ్డున ఒక్క మనిషి లేడు. ఇంటికి వెళ్తే వినేవాళ్లూ లేరు.

తెరచాప ఎత్తడం నాకింకా రాదు. తాడు విప్పి, తెడ్లు అందుకున్నాను.