ఒక అడుగు తక్కువ

నేను ఒక గుడ్డ టేపుని. వంద అడుగులని నా తోలు డబ్బీ మీద రాసి ఉంది. నిజానికి తొంభై తొమ్మిదే.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో అయినా, బతుకంతా మున్సిపాలిటీ ప్లానింగు సెక్షన్లో, కొలతలకు టేపు పట్టే చైన్‌మన్ ఓబులేసు చేతిలో గడిచింది. ఒకసారి సంత వీధి కొలుస్తుంటే ఎద్దులబండి చక్రం కింద పడి నా కొస తెగింది. కొత్త టేపు అడిగితే ఏడాది పడుతుందని ఓబులేసు ఆ అడుగు ముక్క కత్తిరించేసి, ఇత్తడి రింగుని ఒకటో అంకె దగ్గర నల్లదారంతో కుట్టేశాడు. అప్పటినుంచి నేను చూపినదాంట్లో ఒకటి తీసేసి రాయించేవాడు. ఇరవై ఏళ్ళు అలాగే సాగింది. కొలత అయ్యాక నన్ను తడిగుడ్డతో తుడిచి, ఏదో పాట గొణుగుతూ నెమ్మదిగా చుట్టేవాడు. ఆ రోజులు మళ్ళీ రావు.

ఆయన రిటైరయ్యాడు. నన్ను అప్పగించాడు కానీ, ఆ ఒక్క మాట అప్పగించడం మరిచాడు.

వెంగమ్మ మిద్దె మీద అప్పడాలు ఎండబెట్టుకుని బతికే మనిషి. ఎదుటి స్థలంలో నాలుగంతస్తులకు అనుమతి ఇచ్చారు. అవి లేస్తే పొద్దుటి ఎండ పోతుంది, ఎండ పోతే ఆ ఇంట పొయ్యిలో పిల్లి లేవదు. అంత ఎత్తు కట్టాలంటే వీధి వెడల్పు ముప్పై అడుగులు ఉండాలి. ఆమె అప్పీలు చేసింది. కొత్త చైన్‌మన్ నన్ను పరిచి, నేను చూపిన ముప్పైని ముప్పైగానే రాసుకున్నాడు. మనుషులకు అంకె కనిపిస్తే చాలు, వెనకాల ఏముందో అడగరు. అప్పీలు కొట్టేశారు.

దానిమీద ఫిర్యాదు చేయబోతే గుమస్తా మర్యాదగానే చెప్పాడు. తీర్పు నచ్చలేదంటే కుదరదట, అందులో తప్పెక్కడుందో చూపించాలట, అదీ నెలలోపు. వెంగమ్మ ఇంటికి పోయి తన ఇంటి పాత ప్లాను వెతికింది. అందులో అదే వీధి ఇరవైతొమ్మిది అడుగులు. కొలిచింది ఓబులేసు. ఇంకో నాలుగు రోజులే గడువుందనగా ఆయన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చింది.

ఓబులేసు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళు సన్నబడ్డాయి. బొటనవేలు మాత్రం నేరుగా నల్లదారం కుట్టు మీదికే వెళ్ళింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన నన్ను అధికారి బల్ల మీద పరిచాడు. నోరు విప్పితే తను కొలిచిన వీధులన్నిటి మీదా అనుమానం పడుతుంది.

“సారూ, ఈ టేపు ఒక అడుగు తక్కువ. కత్తిరించింది నేనే. చెప్పకుండా పోయిందీ నేనే. రాసిస్తా,” అన్నాడు.

“నీ పింఛనుకేమన్నా అయితే ఎట్లన్నా?” అంది వెంగమ్మ.

“అడుగు పోయింది నా చేతిలోనే గదమ్మా.”

ఇనుప టేపుతో మళ్ళీ కొలిచారు. ఇరవైతొమ్మిది. పాత తీర్పు రద్దయింది, అప్పీలు మళ్ళీ విన్నారు, ఎదుటి ఇల్లు రెండంతస్తుల దగ్గర ఆగింది. వెంగమ్మ మిద్దె మీద ఎండ నిలిచింది. ఓబులేసుకి సంజాయిషీ నోటీసు వెళ్ళిందని విన్నాను. తర్వాత ఏమైందో నాకెవరూ చెప్పలేదు.

నన్ను ఫైలుతో కట్టి రికార్డు రూములో పెట్టారు. పైన ‘లోపం ఉన్న టేపు’ అని చీటీ అంటించారు. కాదనను. కానీ ఆ లోపం తెలిసిన చేతిలో ఇరవై ఏళ్ళు ఉన్నాను, ఈ ఊరిని ఒక్క అంగుళం కూడా తప్పు కొలవలేదు.